రెండో కీ ఎవరికి?

జూలూరుపాడు రోడ్డు మీద మొదటి బస్సు హారన్ వినబడేసరికి గంగక్క వాకిలి ఊడ్చి పొయ్యి మీద చాయ్ పెట్టేసి ఉంటుంది. ఆ రోజు చాయ్ పొంగి పొయ్యి పాలైంది. ఆమె కళ్లు గిన్నె మీదే ఉన్నాయి కానీ చెవులు పెరట్లో ఉన్నాయి. అక్కడ కోడలు పుష్పలత సెల్‌ఫోన్‌లో మాట్లాడుతోంది, అదీ గొంతు తగ్గించి. ఆ ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

పక్కింటి బోరు మోటారు మోతలో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చి పడ్డాయి.

"కీ గట్టిదే కావాలె... రెండు తీసుకరా లాలూ... కొత్తగూడెం పోయేటప్పుడు... మా అత్తమ్మకు మాత్రం చెప్పకు."

గంగక్క మసిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

లాలు పక్క తండా కుర్రవాడు. గంగక్క ఇంట్లోనే రోడ్డు వైపున్న ముందు గదిని కిరాయికి తీసుకుని జిరాక్సు, కంప్యూటరు షాపు పెట్టాడు. పుష్పలత ఆ షాపులోనే టైపింగ్ చేస్తుంది. సాయంత్రం షట్టరు దించాక అతను "అమ్మా, కీ" అంటూ తాళంచెవి గంగక్క చేతిలో పెడతాడు. ఆమె దాన్ని తలుపు పక్క మేకుకు తగిలిస్తుంది. అంచేత ఆమెకు తెలిసిన కీ అదొక్కటే. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఇక అనుమానానికి మేత దొరికింది. కొత్తగూడెంలో ఇల్లు చూసుకుందన్నమాట. ఒంటరి ఆడమనిషి ఉండే ఇంటికి తాళం గట్టిదే కావాలి మరి. అంతవరకు లెక్క సరిపోయింది. కానీ రెండు కీలు ఎందుకు? ఒకటి పుష్పలతకు. రెండోది ఎవరికి?

కొడుకు నాగరాజు జ్వరంతో పోయినప్పుడు, చిన్నపిల్లను వేసుకుని కోడలు పుట్టింటికి వెళ్లిపోతుందనే అందరూ అనుకున్నారు. ఆమె వెళ్లలేదు. వెళ్లకపోవడమే గంగక్కకు దిగులై కూర్చుంది. పోదలచిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు పోతుంది కదా అని రోజూ లోలోపల బిక్కుబిక్కుమంటూ బతికేది. కోడలు వెళితే మనవరాలు లిఖితా వెళుతుంది. ఆ పిల్ల అరుపులు లేని ఇంటిని తలచుకుంటేనే ఆమె గుండె జారిపోయేది. ఈ సంగతి నోరు తెరిచి ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పే బదులు కూరలో ఉప్పు తక్కువైందని కోడల్ని సాధించేది.

ఆ రోజు నుంచి ఆమె కాపలా మొదలైంది. చింతపండు చాట ముందేసుకుని, షాపుకీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు వారగా కూర్చునేది. గింజలు తీసేది చేతులే. చెవులు మాత్రం తలుపుకు అతుక్కుని ఉండేవి. లోపలి నుంచి కోడలి టైపింగ్ చప్పుడు వచ్చేది. కొంతసేపు టకటకా పరుగెత్తేది, ఠక్కున ఆగేది, మళ్లీ పరుగెత్తేది, మళ్లీ ఆగేది. మనసు ఇక్కడ ఉంటే కదా చేతులు ఆడటానికి అనుకుని గంగక్క మూతి ముడుచుకునేది.

చివరికి మనవరాల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, నోట్లో బెల్లంముక్క పెట్టి, అమ్మ కొత్తగూడెం ఎందుకు పోతుందని అడిగింది. లిఖిత బెల్లం చప్పరించినంతసేపూ ఆలోచించింది.

"నానమ్మకు చెప్పొద్దన్నది అమ్మ" అంది.

ఆ మాటతో గంగక్కకు మిగిలి ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

మర్నాడు కోడలు ఇస్త్రీ చీర మడతపెట్టి సంచిలో పెట్టుకోవడం కళ్లారా చూసింది. రేపు పొద్దున లాలుతో కలిసి కొత్తగూడెంలో పని ఉందని, సాయంత్రానికి వచ్చేస్తానని పుష్పలత పొడిపొడిగా చెప్పింది. ఏం పని అని అత్త అడగలేదు, కోడలు చెప్పలేదు. గంగక్క మేకు మీది షాపు తాళంచెవి తీసి కొంగున ముడివేసి, ఆ ముడిని బొడ్లో దోపుకుంది.

షాపు మూసి పొద్దున్నే ఖమ్మం వెళ్లిన లాలు ఆ మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. చంకలో గోనెపట్టాతో చుట్టిన మూట ఉంది. షట్టరు తెరుద్దామని మేకు చూస్తే ఖాళీ. పుష్పలత బయటికి వచ్చింది.

"అత్తమ్మా, కీ ఏది? జల్దీ ఇయ్యి, పని ఉన్నది."

"ఏ కీ?" అంది గంగక్క గడపలో కూర్చునే. "ఈ ఇంటిదా, కొత్తగూడెంల తీసుకున్న ఇంటిదా?"

పుష్పలత బిత్తరపోయింది. లాలు మూటను ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. గంగక్కకు అది చాలు, ఇద్దరూ దొరికిపోయారనుకుంది.

"నాకేం తెల్వదనుకున్నవా? గట్టి కీ కావాలంటివి, రెండు తెమ్మంటివి. నా కండ్ల ముందున్న పిల్లను నాకు దూరం చేస్తున్నవ్. సరే, పో. ఆ రెండో కీ ఎవరికో ఒక్క మాట చెప్పిపో."

పుష్పలత మొహం ఎర్రబడింది. లాలు చంకలోని మూట లాక్కుని, తాడు విప్పి, గడప మీద అత్త ముందు పరిచింది. అందులో రెండు కీబోర్డులు ఉన్నాయి. ఒకటి బాగా పాతది, పసుపు తిరిగింది. రెండోది నల్లది.

"ఇవే కీలు. ఈ అక్షరాల గుండీలను కీలంటరు."

గంగక్క వాటికేసి చూసింది. మళ్లీ కోడలికేసి చూసింది.

అప్పుడు లాలు మెల్లగా సంగతి చెప్పాడు. రేపు కొత్తగూడెంలో సర్కారు టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష. అక్క టైపు నేర్చింది పెళ్లికి ముందు, మిషన్ మీద. ఆ మిషన్‌కు గట్టిగా కొడితేనే అక్షరం పడేది. షాపులో ఉన్న కీబోర్డు మరీ మెత్తన. వేలు ఊరికే ఆన్చినా అక్షరం పడిపోతుంది, దాన్ని చెరుపుకుంటూ కూర్చుంటే స్పీడు పోతుంది. కావాలంటే సొంత కీబోర్డు తెచ్చుకోవచ్చని పరీక్షవాళ్లు చెప్పారు. అందుకని బాగా గట్టి కీలున్నది ఒకటి, నడిమి రకం ఒకటి ఖమ్మంలో రిపేరు షాపు నుంచి అడిగి తెచ్చాడు. ఏది చేతికి కుదిరితే అది తీసుకెళతారు.

"మరి నాకెందుకు చెప్పలే?" గంగక్క గొంతు సన్నబడింది.

"పోయినసారి చెప్పిన గద అత్తమ్మా. నువ్వు వాడంతా తిరిగి నా కోడలికి ఉద్యోగం వచ్చిందన్నవ్. నేను ఫెయిలైతే నెల రోజులు నువ్వు నీళ్లకు నల్లా కాడికి పోలే. తల ఎత్తుకోలేక." పుష్పలత కళ్లలో నీళ్లు నిండాయి. "ఈసారి పాసైనంకనే చెప్దామనుకున్న. పిల్లను తీసుకొని పోయేదాన్నైతే ఆయన పోయిన్నాడే పోదును. ఇన్నేండ్లు నీ పక్కల పండుకున్న గదా, నేనేందో నీకు తెల్వలేదా?"

గంగక్కకు తెలుసు. తెలిసినా భయం పోలేదు, అదే ఆమె చెప్పలేకపోతున్నది. కొంగు ముడి విప్పబోయింది, ముడి బిగుసుకుపోయి రాలేదు. పుష్పలతే వంగి విప్పింది. ఆ వంగిన తలను గంగక్క రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు పోతవని భయం బిడ్డా. గంతే" అని ఏడ్చేసింది.

కోడలూ ఏడ్చింది. లాలు తాళంచెవి తీసుకుని వెళ్లి షట్టరు ఎత్తాడు, అవసరానికి మించిన చప్పుడు చేస్తూ.

ఆ మధ్యాహ్నం గంగక్క తలుపు వారగా కాదు, షాపు లోపలే స్టూలు మీద కూర్చుంది. పుష్పలత ముందు గట్టిదాని మీద కొట్టింది. తప్పులు లేవు, చేతికి పాత మిషన్ గుర్తొచ్చిందని సంబరపడింది. తరువాత నల్లదాని మీద కొట్టింది. గట్టిదే తీసుకుపోతానంది.

"వద్దు" అంది గంగక్క. "దాని మీద మొదలు బాగనే కొట్టినవ్. పోను పోను చప్పుడు సన్నగైంది, వేళ్లు గుంజుతున్నట్టున్నయ్. నల్లదాంట్ల మొదట్నుంచి చివరిదాంక ఒక్క తీరుగ వచ్చింది."

నీకెలా తెలుసని లాలు ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్లు తలుపు దగ్గర చేసింది అదే కదా అని పుష్పలత నవ్వింది. దొంగచాటుగా వినడం ఒక పనికొచ్చే విద్య అని గంగక్కకు ఆనాటిదాకా తెలియదు. పుష్పలత రెండింటి మీదా మళ్లీ కొట్టి చూసుకుంది. గట్టిదాని మీద చిటికెన వేలు నిజంగానే లాగుతోంది. నల్లదే ఖాయమైంది.

మర్నాడు పొద్దున పుష్పలతతో కలిసి మొదటి బస్సు ఎక్కింది లాలు కాదు, గంగక్క. షాపు చూసుకోమని, బడి వదిలాక పిల్లను చూడమని అతనికి అప్పగించింది. పుష్పలత కిటికీ పక్కన కూర్చుని వేళ్లు ఒళ్లో ఆడించుకుంటోంది. పాసైతే కొత్తగూడెంలోనే ఉద్యోగం. రోజూ బస్సులో తిరగడమా, ఇల్లు తీసుకోవడమా అని అత్తే కదిపింది.

"తీసుకుంటే ముగ్గురం పోదాం" అంది కోడలు, అంతకన్నా ఆలోచించవలసింది ఏమీ లేనట్టు.

గంగక్క మొహం అటు తిప్పుకుంది. ఒళ్లోని సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుంది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు, అంత భద్రంగా ఏం తీసుకుపోతున్నావమ్మా అని అడిగాడు.

"కీ" అంది గంగక్క.

"ఇంత పెద్ద కీనా? ఏ ఇంటిదమ్మా?"

గంగక్క కోడలి వైపు చూసింది. పుష్పలత నవ్వు ఆపుకుంటోంది, కళ్లు తడిగా ఉన్నాయి.

"మా ఇంటిదే" అంది గంగక్క.