ఊఁ కొట్టకూడని కిటికీ

నీలికోట రాజ్యం మీదికి మసకమ్మ దిగింది. ఆమెకు ఒళ్లు లేదు, ఉన్నదంతా పొగే. ఏ ఇంట్లో దూరితే ఆ ఇంటివాళ్ల గొంతు తాగేసేది. కుక్కలు నోరు తెరిచేవి, అరుపు వచ్చేది కాదు. రాజుగారు కోపంతో నోరు ఆడిస్తుంటే, ఆవలిస్తున్నారేమో అనుకుని భటులు చిటికెలు వేసేవారు.

గంటలు పోతపోసే అప్పన్న కూతురు పైడమ్మ ఒక్కతే, మసకమ్మ చేరలేని కొలిమి సెగ దగ్గర ఉండబట్టి, గొంతుతో మిగిలింది. అక్క చెప్పే కథలకు రోజూ ఊఁ కొట్టే తమ్ముడు సింహాద్రి ఇప్పుడు ఊరికే కళ్లు ఆర్పుతున్నాడు.

కొండమీది ముని ఆమెకు ఒక శంఖం ఇచ్చాడు.

"ఇందులో మేలుకొలుపు పాట ఉంది తల్లీ. మూడు కోటల్లో మూడు మాట్లాడే యంత్రాలున్నాయి. పొద్దు గుంకేలోగా మూడింటికీ పాట ఎక్కించు. లేకపోతే పోయిన గొంతులు ఇక రావు. పాట ఒకటే గానీ ఏ యంత్రం తీరు దానిదే."

పాలరాతి కోటలో పని సులువుగా అయిపోయింది. గూట్లో శంఖం పెట్టగానే యంత్రం పాట నేర్చేసుకుంది.

"ఇంతేనేటి?" అంది పైడమ్మ.

"ఇంతే. నా గూట్లో పట్టని శంఖాన్ని మాత్రం ముట్టను," అంది యంత్రం గర్వంగా.

రెండో యంత్రం మీద నల్లపిట్ట కూర్చుని ఉంది. "పాట ఎక్కాలంటే తీగ కావాలి," అంది పిట్ట. పైడమ్మ తెచ్చింది. "తీగ కట్టడానికి మేకు." తెచ్చింది. "మేకు దిగడానికి సుత్తి."

"అన్నీ ఒకేపాలి సెప్పొచ్చు గదేటి?"

"నువ్వు అడగలేదుగా."

ఆ పాట ఎక్కేసరికి పొద్దు వాలింది. వెనక అడవిలో పొగ పాకుతోంది.

మూడోది కిటికీల కోట. పైడమ్మ శంఖం పెట్టగానే ఒక కిటికీ తెరుచుకుంది. "పాటను ఈ మూల పెట్టనా?"

"ఊఁ."

"గుమ్మానికి బొమ్మ కట్టనా?" అంది రెండో కిటికీ.

"ఊఁ."

"తోడుగా మసకమ్మను పిలవనా?" అంది మూడో కిటికీ.

తొందరలో ఉన్న పైడమ్మ అదీ వినకుండానే ఊఁ కొట్టింది. పొగ చల్లగా ఆమె మెడను చుట్టుకుంది. మాట రాలేదు. గొంతులో ఒక్క చుక్క శబ్దం మిగిలింది.

చివరి కిటికీ తెరుచుకుంది. "ఇక ముగించనా?"

"ఊహూఁ," అంది పైడమ్మ, ఉన్నదంతా కూడగట్టుకుని.

"అయితే మొదటినుంచి," అంది కిటికీ విసుగ్గా. పొగ జారిపోయింది, గొంతు తిరిగొచ్చింది. ఈసారి పైడమ్మ ప్రతి ప్రశ్నా చివరిదాకా విన్నాకే నోరు తెరిచింది. మూడో కిటికీకి "ఊహూఁ" చెప్పింది.

మూడు కోటలూ ఒక్కసారిగా పాడాయి. మసకమ్మ చినిగి పేలికలైపోయింది.

ఇంటికి రాగానే పైడమ్మ తమ్ముడి పక్కన కూలబడింది. "ఆ నల్లపిట్ట ఏనుగంత ఉందిరా. ఒంటిసేత్తో పడగొట్టేసినాను."

సింహాద్రి నవ్వాడు. "ఊహూఁ," అన్నాడు.