మూడు ఫైర్‌వాల్స్, ఒక ఫైనల్

మధ్యాహ్నం మూడు గంటలైంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి వచ్చిన లైన్‌మ్యాన్ టేబుల్ కిందికి దూరి వైరు చూస్తున్నాడు. అక్క గోళ్లు కొరుక్కుంటోంది. అమ్మ మాటిమాటికీ గడియారం వంక చూస్తోంది. పిడుగు మాత్రం కుర్చీలో కాళ్లూపుకుంటూ దర్జాగా కూర్చుంది.

పిడుగంటే ఆ ఇంటి చిన్నమ్మాయి. ఆరో తరగతి. దాని అసలు పేరు స్కూల్లో హాజరు తీసుకునేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు.

నాలుగింటికి అక్క ఆన్‌లైన్‌లో చెస్ ఆడాలి. స్కూల్ టీమ్‌కి అది ఫైనల్. నిన్న సెమీఫైనల్లో టీమ్ గెలిచింది కానీ అక్క ఓడిపోయింది. ఎలాంటి ఆటనుకున్నారు? చేతిలోకి వచ్చేసిన ఆట! అక్క ఎత్తు వేస్తే అది అవతలికి చేరేలోపు తెర మీది గడియారంలో పది సెకన్లు హుష్‌కాకి. చివరికి టైమ్ అయిపోయింది.

"నువ్వు మరీ నిదానం. రేపు కూడా ఇలాగే అయితే టీమ్‌లో నీ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది," అని కోచ్ సార్ అందరి ముందూ అనేశారు. పాపం, అక్క అప్పట్నుంచీ సరిగ్గా అన్నం కూడా తినలేదు.

లైన్‌మ్యాన్ దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "లైన్ బ్రహ్మాండంగా ఉందమ్మా. ఇదే వైఫై మీద నా ఫోన్‌లో స్పీడ్ చూడండి, దూసుకుపోతోంది. మీ కంప్యూటర్లోనే ఏదో ఉంది. ఈమధ్య కొత్తగా ఏమైనా ఎక్కించారా?"

"అబ్బే, అలాంటిదేం లేదు. కంప్యూటర్‌ని మా చిన్నది కంటికి రెప్పలా చూసుకుంటుంది," అంది అమ్మ గర్వంగా.

పిడుగు కాళ్లు ఊగడం ఆగిపోయింది.

సంగతేమిటంటే, వారం కిందట క్లాసులో కంప్యూటర్ టీచర్ ఫైర్‌వాల్ గురించి చెప్పారు. "అది కంప్యూటర్‌కి కాపలా మనిషి. ఇంటర్నెట్ నుంచి వచ్చేవాటినీ పోయేవాటినీ ఆపి, చూసి, వదులుతుంది," అన్నారు. ఇంట్లో కంప్యూటర్‌తో పాటే వచ్చిన ఫైర్‌వాల్ ఒకటుంది. కానీ మన పిడుగుకి ఒకటి ఎక్కడ ఆనుతుంది! ఎవర్నీ అడక్కుండా ఇంకో రెండు డౌన్‌లోడ్ చేసి పెట్టేసింది. "మా ఇంట్లో మూడున్నాయి తెలుసా!" అని స్కూలంతా గొప్పలు చెప్పుకుంది.

ఇప్పుడు చెబితే? అమ్మ ముందు పరువంతా పోతుంది. చెప్పకపోతే? అక్క ఇవాళ కూడా ఓడిపోతుంది.

"పోనీలే అమ్మా," అంది అక్క నీరసంగా. "సార్ అన్నట్టు నేనే నిదానమేమో. ఇవాళ నా బదులు ఇంకెవరినైనా ఆడించమని చెప్పేస్తాను." ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"వద్దక్కా!" పిడుగు కుర్చీలోంచి దూకింది. "నువ్వు నిదానం కాదు. నేనే... నేనే ఇంకో రెండు ఫైర్‌వాల్స్ ఎక్కించి మూడు చేశాను."

అమ్మ నోరు తెరిచింది. లైన్‌మ్యాన్ తల పట్టుకున్నాడు.

"మూడా! ఓరి దేవుడో! ఒకే గుమ్మం దగ్గర ముగ్గురు కాపలావాళ్లుంటే ఏమవుతుంది తల్లీ? ఒకడు సంచీ విప్పి చూసి పంపిస్తాడు. రెండోవాడు మళ్లీ విప్పుతాడు. మూడోవాడు మళ్లీ! పైగా వాళ్లలో వాళ్లకే నమ్మకం ఉండదు, ఒకడి పనికి ఇంకొకడు అడ్డం పడతాడు. ఈలోపు మీ అక్క వేసిన గుర్రం గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది."

"అయితే మూడూ తీసేయనా?"

"అమ్మో! అప్పుడు కాపలాయే ఉండదు. కంప్యూటర్‌తో వచ్చింది ఉంచు. చాలు."

"నీతో తర్వాత మాట్లాడతానే. ముందు ఆ రెండూ తియ్యి," అంది అమ్మ.

టైమ్ మూడూ ముప్పై ఐదు. ఒకటి తేలిగ్గానే పోయింది. రెండోది మహా మొండిది. "నిజంగా తీసేయాలా?" అని మూడుసార్లు అడిగింది. "నిజంగానే, పోవే బాబూ!" అంది పిడుగు దాదాపు ఏడుస్తూ. తర్వాత కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశారు. అది తీరిగ్గా లేచేసరికి మూడూ యాభై ఏడు.

ఆట మొదలైంది.

టక్! అక్క ఎత్తు వేయడం, అది అవతల పడటం ఒకేసారి. టక్! టక్! లైన్‌మ్యాన్ కూడా సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. మిగతా ఆటలన్నీ అయ్యేసరికి రెండు జట్లూ సమంగా ఉన్నాయి. కప్పు ఇక అక్క ఆట మీదే ఆగింది. ఇంకా ఆరు నిమిషాలు చేతిలో ఉండగానే అక్క తన రాణిని ముందుకు తోసి కేక పెట్టింది.

"చెక్‌మేట్!"

ఇల్లంతా గోలగోల. తెర మీద టీమంతా వీడియోలోకి వచ్చేసింది. "శభాష్!" అన్నారు కోచ్ సార్. "ఒక్క రోజులో నీ నిదానం ఎలా పోయిందమ్మా?"

అక్క చెల్లెలి మొహం చూసింది. "ఏదోలెండి సార్, నెట్ బాగైంది," అని దాటేయబోయింది.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. పిడుగు ఊరుకోలేదు. తల తెర ముందుకి దూర్చింది.

"అది కాదు సార్! అక్క నిన్న కూడా నిదానంగా ఆడలేదు. నేను ఎవర్నీ అడక్కుండా, ఉన్నది చాలక ఇంకో రెండు ఫైర్‌వాల్స్ పెట్టి నెట్‌ని నత్తనడక నడిపించాను. నిన్న ఓడింది అక్క కాదు సార్, నేను."

కోచ్ సార్ కళ్లజోడు సర్దుకున్నారు.

"అయితే నేనూ తొందరపడ్డాను. నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నాను," అని అక్కతో అందరి ముందూ అన్నారు. "టీమ్‌లో నీ చోటు ఎవరికీ ఇవ్వను."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం లేచి చెల్లెల్ని అమాంతం ఎత్తుకుని గదంతా గిరగిరా తిప్పేసింది.

"కప్పు మనదేనే పిడుగూ!"

"మనది కాదక్కా, నీది! నీ ఒక్కదానిదే!" అని అరిచింది పిడుగు, వీడియోలో అందరికీ వినపడేలా.