హులిగమ్మ పెట్టని పసుపు

ఎమ్మిగనూరులోని ఆ వీధికి తెల్లవారిందని చెప్పేది మగ్గం చప్పుడే. ఆ ఆదివారం మాత్రం హులిగమ్మ ఇంట్లో మగ్గం మూగగా ఉంది. కోడలు ఉష వంటింట్లో జొన్నరొట్టెలు తడుతోంది. అయిదో తరగతి చదివే మనవరాలు ఇందు నట్టింట్లో, ఆ మగ్గం మీద నేసిన తువ్వాళ్లన్నీ పరిచి, బడి నుంచి తెచ్చిన ట్యాబ్‌తో ఫొటోలు తీస్తోంది.

బడిలో అనురాధ మేడమ్ పిల్లల చేత మిషనుకు చదువు చెప్పిస్తోందట. మిషనుకు చదువేమిటే, చోద్యం కాకపోతే, అని హులిగమ్మ నవ్వితే ఇందు ఓపికగా వివరించింది. పండు టమోటాల ఫొటోలు కొన్ని, పచ్చివాటివి కొన్ని చూపించి పేర్లు చెబితే, ఆ తర్వాత కొత్త టమోటా పెట్టినా అది పోల్చుకుంటుందట. ఇప్పుడు ఎవరింటి పనిని వాళ్లు దానికి నేర్పించి తీసుకురావాలి. ఇందు మంచి బట్టనూ లోపమున్న బట్టనూ పోల్చడం నేర్పిద్దామనుకుంది. వేరు చేసిమ్మని అవ్వనే అడిగింది.

హులిగమ్మకు అంతకన్నా ఏం కావాలి! తను నేసినవన్నీ మంచివాటిలో వేసింది, కోడలు నేసినవన్నీ లోపమున్నవాటిలో వేసింది. అందులో ఆలోచించాల్సిందేముంది? ఉష పుట్టిల్లు గోనెగండ్ల దగ్గర. వాళ్ల నాయన మగ్గం విప్పేసి వేరుశనగ చేలల్లో కూలికి పోయినవాడు. పెళ్లయ్యాకే ఉష మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది. మగ్గం లేని ఇంటి చెయ్యి అని ఆనాడు అన్న మాటను హులిగమ్మ ఈనాటికీ వదల్లేదు.

మగ్గం దిగిన బట్ట మూలకు ఇంటి పెద్దావిడ పసుపు బొట్టు పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఉతికితే పోయేదే గానీ, అది పడితేనే ఆ బట్ట ఇంటి పేరు నిలబెట్టినట్టు లెక్క. కోడలి బట్ట మీద హులిగమ్మ వేలు ఇన్నేళ్లలో ఒక్కసారీ పడలేదు. ఉష దాని గురించి ఎన్నడూ నోరెత్తి అడగలేదు.

అవ్వ వేరు చేసినట్టే ఫొటోలకు పేర్లు పెట్టి నేర్పించి, అందరూ రొట్టెలకు కూర్చున్నాక ఇందు ట్యాబ్ ముందు పెట్టింది. అవ్వ నేసిన కొత్త తువ్వాలు చూపిస్తే ‘మంచిది’ అంది. అమ్మ నేసినది చూపిస్తే ‘లోపం’ అంది. ఇంకో జత చూపించినా అదే మాట.

"సూసినారా? మిషనుకు గూడా తెలిసిపాయ," అని హులిగమ్మ మురిసిపోయింది.

ఉష కొంగుతో చేతులు తుడుచుకుంది. గొంతు పెంచకుండానే, "రేపటి నుంచి ఆదోనికి పోతాండా అత్తా. బట్టలు కుట్టే షెడ్డులో పనికి రమ్మన్నారు. మగ్గం మీకే ఇడిసిపెడతా," అంది.

ఆమె భర్త రఘునాథ్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. ఇంట్లో మగ్గం పెట్టుకుని బయట కూలికి పోవడమేమిటని హులిగమ్మ నిలదీసింది.

"కూలికి పోయినోళ్ల బిడ్డనే గదా నేను," అంది ఉష.

పోతే పోనీ, ఎవరు పట్టుకున్నారని హులిగమ్మ పైకి అనేసింది గానీ, చూపు మాత్రం మగ్గం మీదికి పోయింది. ఆమె మోకాళ్లు పూట సాంతం గుంటలో కూర్చోనివ్వడం లేదు. రఘునాథ్‌కు నూలు తేవడం, బట్ట అమ్మడంతోనే సరిపోతుంది. ఉష వెళ్లిపోతే ఆ మగ్గం ఆగిపోయినట్టే. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఏం చెయ్యాలో తోచక ఇందు, చేతికందిన మసిగుడ్డను ట్యాబ్ ముందు పెట్టింది. ‘మంచిది’ అని వచ్చింది. రఘునాథ్ ఆపుకోలేక నవ్వాడు. ఇందు నవ్వలేదు. మిషను తప్పు చెబితే దాన్ని తిట్టకండి, మీరు దానికి ఏం చూపించారో చూసుకోండని మేడమ్ చెప్పింది. పాప ఫొటోలన్నీ ఒకసారి తిప్పి చూసింది, గుడ్డ మీద వంటింటి పసుపు మరకనూ చూసింది.

"అవ్వా, ఇది బట్టను సూడనే లేదు. పసుపుంటే మంచిది, లేకుంటే లోపం. అంతే నేర్చుకున్యాది."

ఇందు పసుపు మూలలన్నీ లోపలికి మడిచి, అన్నింటినీ కలిపేసి, మళ్లీ వేరు చెయ్యమని అవ్వ ముందు కుప్ప పోసింది. అదే నూలు, అదే మగ్గం. ఏది ఎవరిదో పైకి తెలియడం లేదు. అయినా తన చెయ్యి తనకు తెలియదా అనుకుని ఆవిడ గడప దగ్గర వెలుతురులో కూర్చుంది. ఒక్కొక్క తువ్వాలు అంచు మీద బొటనవేలు నడిపి, ఎండకు పట్టి చూసి, నిదానంగా రెండు కుప్పలు పెట్టింది.

ఇందు మడతలు విప్పింది. మంచివాటిలో సగానికి పైగా పసుపు లేనివే. లోపమున్న కుప్పలో, అంచు వంకర పోయిన తువ్వాలు మూలన పచ్చగా బొట్టు మెరిసింది. అది హులిగమ్మ నేసినదే.

ఉష ఆ తువ్వాలు చూసి, "ఆ పొద్దు మీకు మోకాళ్లు శానా నొచ్చినాయి గదా అత్తా," అంది మెల్లగా.

ఇన్నేళ్లు దెప్పిపొడిచిన నోటికి జవాబుగా ఆ మాట వచ్చేసరికి హులిగమ్మ కళ్లలో నీళ్లు నిండాయి. పాపం, మిషనుదేం తప్పు? కళ్లున్న తనే ఎన్నడూ బట్ట చూడలేదు, ఎవరు నేశారో చూసింది. ఆవిడ లేచి పసుపు గిన్నె తెచ్చింది. కోడలి తువ్వాళ్లు ఒక్కొక్కటీ ఒళ్లోకి తీసుకుని మూలన బొట్టు పెట్టసాగింది.

"పోవాలనుంటే పో ఉషా, నేను ఆపను. నీ చెయ్యి బాగలేదని మాత్రం పోవద్దు. అది అబద్ధం. ఇన్నేండ్లూ నేను సెప్పిన అబద్ధం."

ఉష గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని వెళ్లి మగ్గం గుంటలోకి దిగింది.

పాపకు మాత్రం బెంగ పట్టుకుంది. "మళ్లీ పసుపు పెడతాండావే అవ్వా! ఫొటో తీస్తే అది మళ్లీ మోసపోతాది."

"పోదులే," అంది హులిగమ్మ ముక్కు తుడుచుకుంటూ. "అన్నిటికీ పెడతాండా గదా. ఇంగ దానికి బట్టను సూడక తప్పదు."

లోపల మగ్గం మొదలైంది.