పేర్లు చదివే గది

బర్మాలోని రంగం పట్నంలో మనవాళ్ళు శ్మశానం పక్కనుంచి పాడుకుంటూ వెళ్ళేవారు. అహ్లోన్ రేవులో మునిగిపోయినవాళ్ళని తెచ్చి పడుకోబెట్టే మెట్ల మీదే కూర్చుని తీరుబడిగా చుట్టలు కాల్చేవారు. కానీ దీపాలు పెట్టే వేళ దాటిందంటే, పాత క్రిమినల్ కోర్టు వెనకాల ఉన్న రికార్డు గది వైపు మాత్రం... ఒక్కడూ తొంగి చూసేవాడు కాదు.

ఆ గదిలో వెనకటికి ఒక ముసలి గుమస్తా ఉండేవాడట. ఏ ఊరివాడో ఏ కులంవాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. జన్మంతా దొంగల పేర్లు, తాగి తన్నుకున్నవాళ్ళ పేర్లు రాసి రాసి, ఒక వానాకాలం సాయంత్రం ఆ కాగితాల కట్టల మధ్యే తల వాల్చేశాడట. మనిషి పోయాడు గాని ఆయన పని పోలేదు. చీకటి పడితే చాలు, పేర్లు చదువుతాడు. మెల్లిగా... ఒక్కొక్కటే...

ఎవరి పేరు చదివితే వాళ్ళకి ఆ ఏడు గడవదు.

అందుకే ఆ గదికి తాళం వేసే దర్వాను లోపలికి చూసేవాడు కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి మాత్రం చాపి తలుపు లాగేవాడు. కరెంటు దీపం మీట బయటి గోడకే ఉండేది కాబట్టి సరిపోయింది. మీట నొక్కడం, తాళం తిప్పడం, పరిగెత్తడం.

అలా కళ్ళు మూసుకుని తాళం వేసిన ఒక సాయంత్రం, లోపల సూర్యావతి ఉండిపోయింది.

జర్మనీ యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయింది అప్పటికి. సూర్యావతి బారువ రేవులో ఓడెక్కి, మొగుడి వెంట రంగం వచ్చిన మనిషి. మొగుడు అప్పన్న జ్వరంతో పోయాక, అహ్లోన్ బియ్యం మిల్లుల ఎదురుగా పొయ్యి పెట్టుకుని పకోడీలు వేసి కూతురు చిన్నమ్మిని పెంచింది. దిట్టమైన మనిషి. గట్టి గొంతు. మిల్లు కూత వినపడకపోయినా సూర్యావతి కేక విని కూలీలు పనిలోకి దిగేవారని చెప్పుకునేవారు.

చిన్నమ్మికి మిల్లులో బస్తాల లెక్క చూసే భీమరాజుతో సంబంధం కుదిరింది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, చుట్ట కాల్చడు, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. చిన్నమ్మి ఆ సొట్ట దగ్గరే ఆగిపోయింది. ముహూర్తం కూడా పెట్టేశారు. అప్పుడు, కుళాయి దగ్గర, పక్క లైను ఇళ్ళలో ఉండే అచ్చమ్మ చెవి దగ్గర చేరింది.

"ఒదినా... నానన్నానని అనకు. ఆ భీమరాజు మీద కోర్టులో కేసుందట."

"ఏటి కేసు?"

"ఏటో పెద్దదేనట. మనకెందుకులే, నానేటీ అనను..." అంటూ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సూర్యావతికి ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది. "కేసున్నోడికి పిల్లనివ్వను. పెల్లి ఆపీస్తాను."

"కేసున్నా ఆడ్నే సేసుకుంతాను," అంది చిన్నమ్మి. అని అన్నం మానేసింది.

మొండితనంలో తల్లికి తగ్గ కూతురు. ఇక సూర్యావతికి మిగిలిన దారి ఒక్కటే. నిజమేంటో కోర్టులోనే తేల్చుకోవాలి. అర్జీలు రాసే చంద్రరావు కోర్టు వరండాలో చాప వేసుకుని కూర్చునేవాడు. ఆయన ముందు చతికిలబడింది.

"చూడొచ్చు, తల్లీ," అన్నాడు చంద్రరావు. "క్రిమినల్ కేసు ఎవరైనా చూడొచ్చు, అదేం దాపరికం కాదు. కుర్రాడి పేరు చెప్పు, తండ్రి పేరు చెప్పు, ఏ ఏడో చెప్పు. కేసు నంబరు తెలుసా? తెలీదు. అయితే ముందు పేర్ల రిజిస్టరు వెతకాలి. అందులో నంబరు దొరుకుతుంది. నంబరు దొరికితే కట్ట దొరుకుతుంది. కట్ట విప్పితే తీర్పు ఉంటుంది. తీర్పుకి నకలు కావాలంటే మళ్ళీ ఇంకో అర్జీ."

"ఒక గుంటడు మంచోడో కాడో తెల్సుకోడానికి ఇన్ని గుమ్మాలెక్కాలేటి, బాబూ?"

"ఎక్కాలి. చివరి గుమ్మం ఆ రికార్డు గది." చంద్రరావు గొంతు తగ్గించాడు. "చీకటి పడకుండా మాత్రం... వచ్చెయ్."

రికార్డు గది గుమస్తా ఊ సాన్ బర్మావాడు, మెత్తటి మనిషి. అర్జీ తీసుకుని, మేజిస్ట్రేటు సంతకం చేయించుకొస్తానని, తలుపు పక్క బెంచీ మీద కూర్చోమని సైగ చేసి వెళ్ళాడు. బయట వాన మొదలైంది. లోపల కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా ఎర్ర గుడ్డ కట్టలు, చెమ్మ వాసన. కోడి కూయకముందు లేచిన ఒళ్ళు. వాన చప్పుడుకి సూర్యావతి కళ్ళు మూతలు పడ్డాయి.

మేజిస్ట్రేటు దొర ఆ రోజు పెందరాళే ఇంటికి పోయాడు. సంతకం దొరకలేదు. ఇక చీకటి పడబోతుంటే ఊ సాన్ ఆ గది గుమ్మం తొక్కుతాడా? లోపలున్నవాళ్ళే లేచి పోతారులే అనుకుని, అటునుంచి అటే గొడుగు వేసుకుని పోయాడు. ఆ తరవాత దర్వాను వచ్చాడు... కళ్ళు మూసుకుని.

సూర్యావతికి మెలకువ వచ్చేసరికి చీకటి.

ఎక్కడుందో కాసేపు తెలియలేదు. చెయ్యి చాపితే చెక్క బల్ల. లేచి తడుముకుంటూ వెళ్ళి తలుపు లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది... బయట తాళం కప్ప గలగలమంది.

అరుద్దామని నోరు తెరిచింది. అంతలో గది వెనకాల, అరల చివర... ఏదో పసుప్పచ్చగా మినుక్కుమంది. వెంటనే ఆరిపోయింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

మళ్ళీ మినుక్కుమంది. ఈసారి ఆ వెలుగులో అరల నీడలు కప్పు మీద పాకాయి. ఆ వెలుగు పక్కనుంచి... సన్నగా, వణుకుతూ... ఒక గొంతు.

"దండాసి... తండ్రి పేరు పోలయ్య... గొర్రె దొంగతనం..."

ఆరిపోయింది. చీకటి. వాన.

సూర్యావతి గోడకి కరుచుకుపోయింది. "దండాసి ఎవులో, పాపం," అనుకుంది. "నా పేరు కాదు. నా పేరు కాదు కదా..."

వెలుగు.

"సూ... సూర్... సూర్యావతి."

సూర్యావతి ఉన్న చోటే కూలబడింది.

"సూర్యావతి... భర్త పేరు... కీర్తిశేషుడు అప్పన్న..." గొంతు ఒక్కో మాటా తవ్వి తీస్తోంది. "నేరం... కొట్టుట. ఆయుధం..." చాలాసేపు ఆగింది. "గరిటె."

అయిపోయింది. ఇది గుమస్తా దెయ్యం కూడా కాదు, సాక్షాత్తూ చిత్రగుప్తుడే. చిట్టా విప్పాడు. సూర్యావతి చేతులు జోడించింది. కళ్ళ ముందు చిన్నమ్మి మొహం కనిపించింది. నిన్న అన్నం తినని మొహం. దాన్ని తిట్టి వచ్చాను కదా అనుకుంది.

"కొట్టిన దెబ్బలు..." అంటోంది గొంతు, "నాలుగు."

జోడించిన చేతులు విడిపోయాయి.

"నాలుగేటి?" అని అరిచింది సూర్యావతి. "ఒక్కటే! ఒక్కటే కొట్టినాను! నాలుగని ఎవుడు రాసినాడ్రా అక్కడ?"

వెలుగు ఆరిపోయింది. ఒక గావుకేక. ఆ వెనకే అర ఏదో కదిలి, ఎర్ర గుడ్డ కట్టలు దబదబా రాలిపడ్డాయి.

"అమ్మోయ్! మాటాడీసినాదిరోయ్! దెయ్యం మాటాడీసినాది!"

తరవాత చీకట్లోంచి ఆంజనేయ దండకం మొదలైంది. తప్పుల తడక. ఆంజనేయుడి పేరు పలకాల్సిన చోట బస్తాల లెక్క వస్తోంది. సూర్యావతి చెవి ఒగ్గి వింది. బస్తాల లెక్క చెప్పే ఆ గొంతు... రోజూ మిల్లు గేటు దగ్గర వినే గొంతే.

"ఒరే. నువ్వు భీమరాజువి కావేటి?"

దండకం ఆగింది. "నా పేరు సదివీసినాది," అని ఏడుపు గొంతుతో గొణిగింది చీకటి. "నా పని అయిపోయింది."

"దెయ్యాన్ని కాదురా! నాను, సూర్యావతిని!"

"సూర్యావతి... సచ్చిపోయి దెయ్యమైపోయినాదా?"

"నీ నోరు పడ! బతికే ఉన్నాను! పకోడీల సూర్యావతిని!"

చీకట్లో ఎవరో కట్టలు పక్కకి నెట్టుకుని లేచిన చప్పుడైంది.

"అయితే..." అన్నాడు భీమరాజు, ఇంకా నమ్మకం కుదరక, "ఇందాకట్నించి తలుపు కాడ గుర్రుమన్నదేటి? పులి లాగ?"

సూర్యావతి కొంగు సర్దుకుంది. "పొద్దున్నే లెగిసినాను. అలిసిపోయినాను."

అరలో దొరికిన గుమస్తా అగ్గిపెట్టెలోంచి భీమరాజు ఇంకో పుల్ల గీశాడు. జుట్టంతా దుమ్ము, భుజం మీద ఒక ఎర్ర గుడ్డ పీలిక, కళ్ళు కొబ్బరికాయలంత. తను మధ్యాహ్నమే వచ్చానని చెప్పాడు. తనకి ఇంగ్లీషు ముక్కలు వచ్చని ఊ సాన్ రిజిస్టరు చేతికిచ్చి, వెనక అరల్లోకి వెళ్ళి నువ్వే వెతుక్కో అన్నాడట. వెతుకుతుండగా దీపం ఆరిపోయింది. తలుపు వైపు రాబోతే గురక. దెయ్యం తలుపుకి అడ్డంగా పడుకుందనుకున్నాడు. ధైర్యం కోసం చేతిలో ఉన్నదే పైకి చదువుకుంటూ కూర్చున్నాడు.

"ధైర్యం కోసం నా నేరం సదువుతావా?" అంది సూర్యావతి. "అసలు నా కాగితంతో నీకేటి పని?"

పుల్ల చివరిదాకా కాలి వేలు చురుక్కుమంది. భీమరాజు విదిలించాడు. చీకట్లోనే చెప్పాడు.

"మా పెదనాన్న బంగారయ్య... కోర్టుకెక్కిన ఇంటి పిల్లొద్దు, పెల్లి ఆపీమన్నాడు. అలాటిదేటీ నేదని సూపిద్దామని వచ్చినాను. సూస్తే ఉంది. మరి నువ్వు, అత్తమ్మా?"

సూర్యావతి గొంతు సవరించుకుంది. ఒకసారి కాదు.

"నీ కాగితం కోసం."

ఆవిడ తడుముకుంటూ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

"సరే," అంది సూర్యావతి చివరికి. "సీకట్లో మొగం కనబడదు. నిజం సెప్పీడానికి ఇంతకన్నా మంచి సోటు నేదు. ముందు నాను సెప్తాను. మీ మావ పోయిన నెలలోనే పొయ్యెట్టినాను. ఓడ దిగిన కళాసి ఒకడు, తాగీసి, మరుగుతున్న నూనె మూకుడు తన్నీసినాడు. పక్కనే సిన్నమ్మి. అప్పటికి ఇంతుంది... కాలి దగ్గరికొచ్చి ఆగింది నూనె. గరిటె నా సేతిలో ఉంది. ఒక్కటిచ్చినాను. మేజిస్ట్రేటు దొర నన్ను సూసి, ఆడి నెత్తి మీద బొప్పి సూసి, మందలించి ఒగ్గీసినాడు."

ఆ చీకట్లో భీమరాజు ముక్కు తుడుచుకున్న చప్పుడు సూర్యావతికి వినిపించింది.

"ఇప్పుడు నీది."

"నాది... నీల్ల పండగనాడు, అత్తమ్మా. తింజాన్. అందరూ అందరి మీదా పోస్తన్నారు. నాను మేడ మీంచి పీపా ఎత్తి, కింద మా వీరన్న వస్తన్నాడనుకుని బోర్లించీసినాను."

"వీరన్న కాడా?"

"గుర్రప్పోలీసు. తెల్లదొర."

సూర్యావతి ఊపిరి బిగబట్టింది.

"గుర్రం బెదిరిపోయి, దొరని మోసుకుని సేపల బజారు మజ్జిలోంచి... ఆకరికి రొయ్యల తట్టలో దింపీసింది. కోర్టులో సాచ్చికం సెప్తూ ఉంటే దొర టోపీలోంచి ఒక రొయ్య పడింది. మేజిస్ట్రేటు మొగానికి కాగితం అడ్డెట్టుకున్నాడు. నవ్వు ఆపుకోనేక నన్ను ఒగ్గీమన్నాడు."

సూర్యావతి పొట్ట కదలడం మొదలైంది. ఆపుకుంది.

"మరి నా కేసు సంగతి మీ పెదనాన్నకి ఎవులు సెప్పినారు?"

"అచ్చమ్మ."

"అచ్చమ్మా!"

"అవును. ఏం? నా సంగతి నీకెవులు సెప్పినారు?"

"అచ్చమ్మే!"

ఇక ఆగలేదు. పొంగిన పాలలా పొర్లిపోయింది నవ్వు. సూర్యావతి బెంచీ మీద బాదుతూ నవ్వింది. భీమరాజు కింద పడ్డ కట్టల మీద దొర్లుతూ నవ్వాడు. "టోపీలో రొయ్య!" అని ఆవిడ, "ఆయుధం గరిటె!" అని అతను. బయట వరండాలో ఎవరో, దర్వానే అయ్యుంటాడు, బర్మా దేవుళ్ళనీ మన దేవుళ్ళనీ కలిపి పిలుస్తూ వానలోకి పరిగెత్తిన చప్పుడైంది. దానికి ఇంకా నవ్వొచ్చింది.

"కిటికీకి కమ్ముల్లేవు, అత్తమ్మా," అన్నాడు భీమరాజు రొప్పుతూ. "ఒక్క గుద్దు గుద్దితే తలుపులూడిపోతాయి. పోదామేటి?"

"వద్దు, బాబూ! కోర్టు కిటికీ బద్దలుకొడితే ఇంకో కేసు! తెల్లారీదాకా ఇక్కడే కూకుందుము!" అంది సూర్యావతి. ఆ మాటకీ ఇద్దరూ నవ్వారు.

నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ముందు సూర్యావతి ఆగింది. ఒకటి రెండు ఎక్కిళ్ళు పెట్టి, తడుముకుంటూ వచ్చి బెంచీ మీద ఆవిడ పక్కన చతికిలబడి, భీమరాజూ ఆగాడు.

నవ్వు ఆగలేదు.

వెనక అరల వైపు నుంచి వస్తోంది. ముసలి నవ్వు. పళ్ళు లేని నోటి నవ్వు. ఎన్నో ఏళ్ళుగా నవ్వి ఎరగని మనిషి, ఊపిరాడక, దగ్గు తెరల మధ్య, ఆపుకోలేక... ఇంకా... ఇంకా...

"భీమరాజూ," అంది సూర్యావతి గుసగుసగా, "నువ్వేనా?"

"నాను... నీ పక్కనే ఉన్నాను, అత్తమ్మా."

సూర్యావతి చీకట్లో చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకుంది. ఆ తరవాత ఆవిడ నోట వచ్చిన పిలుపు, అంతవరకు ఎన్నడూ రానిది.

"అల్లుడూ... కిటికీ బద్దలుకొట్టు."