వెళ్ళొస్తానన్న మాట

కంచుగిరి రాజ్యంలో దుబాసీలు ఒక్కొక్కరే రాళ్ళైపోతున్నారు. దుబాసీలంటే పరాయి భాష నేర్చి, మన మాట వాళ్ళకూ వాళ్ళ మాట మనకూ చెప్పేవారు. విషజ్వరానికి మందు నల్లకోన అడవిలోని రాక్షసి దగ్గరే ఉండేది. ఏడాదికొకరు ఆమె భాషను తాటాకుల్లో చదివి, వల్లెవేసి, వెళ్ళి మందు తెచ్చేవారు. తెచ్చిన కొన్నాళ్ళకే పాదాల నుంచి రాయిగా మారేవారు. అలా ఆరుగురు పోయారు. “ఉచ్చారణ దోషం!” అని తేల్చేసి పండితులు భోజనాలకు లేచారు.

ఏడవవాడు గుండయ్య. నడుము దాకా రాయైన తండ్రి ముందు కూర్చుని పేరిందేవి అడిగింది.

“నాన్నా, అక్కడేం తప్పు మాట్లాడావు?”

“ఒక్క తప్పూ లేదు తల్లీ. మనింట్లో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మర్యాదగా మాట్లాడాను.”

ఆయన వల్లెవేస్తుంటే విని ఆమె ఆ భాష సగం నేర్చింది. ఆ సగంతోనే అడవికి బయలుదేరింది.

ఏటి దగ్గర ఆ భాషలోనే దారి అడిగితే, మొసలి ఆమె మాట విని మింగడానికి నోరు తెరిచింది. “తప్పైతే దిద్దు, నాకు సగమే వచ్చు,” అంది పేరిందేవి. ఇన్నేళ్ళలో దిద్దమన్నవాళ్ళు లేరట. మొసలి ఆమెను వీపున మోసి ఏరు దాటించింది. కొండ మీది పులికి అంత దయ లేదు. తప్పుకొక గోటిగీత చొప్పున చేతి మీద గీసింది. మూడు గీతలు పడేసరికి భాష వచ్చింది గానీ చెయ్యంతా రక్తం.

గుహలో రాక్షసి ఏడు విస్తళ్ళ ముందు కూర్చుని ఉంది. వాటిలో అన్నం పాచిపోయి నల్లబడింది.

“ఇవెవరికి?”

“వస్తామన్నవాళ్ళకి. మందు తీసుకుని గుమ్మం దాటుతూ ఏడుగురూ ‘వెళ్ళి వస్తాను’ అన్నారు. ఒక్కడూ రాలేదు. మా అడవిలో మాట తప్పినవాడు రాయవుతాడు పిల్లా. ఆ శాపం నేను పెట్టింది కాదు.”

పేరిందేవికి అప్పుడర్థమైంది. మనలో గుమ్మం దాటేటప్పుడు ‘పోతున్నాను’ అంటే అశుభం. అందుకే అందరం వెళ్ళొస్తాం అంటాం. ఆ అలవాటునే వాళ్ళు పరాయి భాషలోకి మోసుకొచ్చారు. ఆ సంగతే రాక్షసికి చెప్పింది.

“అయితే వాళ్ళకి రావాలనే లేదన్నమాట,” అంది రాక్షసి.

ఆ మాటకు పేరిందేవికి ఏడుపొచ్చింది. “వాళ్ళ బదులు నేనొచ్చాను. వడ్డించినదాన్ని తింటాను.”

“తిను, వాళ్ళ మాట చెల్లుతుంది. గుండె దాకా రాయైనవాళ్ళు మాత్రం మళ్ళీ మనుషులు కారు.”

ఏడు విస్తళ్ళలోనూ ఒక్కో ముద్ద తింది. ఆమె లేచాక రాక్షసి తలవంచుకుని అంది.

“మా భాషలో ‘పోతున్నాను’ అంటారు. అదే అను, నీకే మంచిది.”

పేరిందేవి ఆ విస్తళ్ళ వంక చూసింది. “వెళ్ళొస్తాను,” అంది, అన్నీ తెలిసే.

ఆమె ఇల్లు చేరేసరికి గుండయ్య రాయి వీడి, లేచి నడిచాడు. ఆరుగురు మాత్రం కోట వాకిట రాళ్ళుగానే మిగిలారు. రాజు పేరిందేవిని దుబాసీలకు పెద్దను చేశాడు. తల నెరిసినా ఏటేటా ఆమె అడవికి వెళ్ళేది. గుహలో ఒక్క విస్తరే వేసి ఉండేది, అన్నం వేడిగా ఉండేది.