పాన్ మిస్సు, తాసా మాస్టారు

ఏవియన్ మిస్సు వచ్చిన విసురుకు తాసా డప్పులు కాగుతున్న మంటే ఓ అడుగు వెనక్కి జరిగి ఉండాలి. తాతలు ఇండియా నుంచో ఆఫ్రికా నుంచో దీవికి వచ్చిన పిల్లలు కలిసి చదివే చగ్వానాస్ ఊరి బడిలో ఆమె పాన్ నేర్పుతుంది. ఇనప నూనె పీపాను సుత్తితో కొట్టి కొట్టి స్వరాలు పలికేలా మలిచిన ఆ వాద్యమంటే ఆమెకు ప్రాణం.

“ఏమయ్యా దేవానంద్ మాస్టారూ! నీ డప్పులకు మనుషులు చాలక నా శిష్యురాలు శివానీని లాక్కుంటావా?”

దేవానంద్ ఈ వానాకాలంలోనే తాసా నేర్పడానికి బడిలో చేరాడు. తడిగాలికి మెత్తబడిన మేకతోలు బిగిసేందుకు తాసాను సెగ మీద తిప్పుతున్నాడు.

“నేనా? నా కీరన్‌ని పాన్‌కి లాగేసింది నువ్వు కాదూ?”

“వాడు నాకెందుకు? స్వరం పలకమంటే దరువు వేస్తాడు!”

“మరి నీ పిల్ల? కర్రలు పట్టుకుని ఒకటే ఏడుపు. వేడివేడి శనగల డబుల్స్ కొనిపెట్టినా మానలేదు తల్లీ!”

“ఏడవదూ మరి! ఏడాదంతా సాధన చేసింది. ఎల్లుండే కచేరీ!”

ఢామ్మంది. మాటల్లో పడి తిప్పడం మరిచిన తాసా నిలువునా చీలింది.

“సంతోషమా? నోరా అది, కొలిమా?” అన్నాడతను.

ఆమెకు నవ్వొచ్చింది. తను కోపంగా ఉన్న సంగతి గుర్తొచ్చి మింగేసింది. “ఇంతకీ పిల్లల్ని నువ్వు మార్చలేదా?”

“ఒట్టు. నువ్వూ కాదా?”

ఇద్దరూ పెద్ద టీచరమ్మ గదిలోకి దూసుకెళ్లారు.

“నేనే మార్చాను,” అందావిడ తాపీగా. “ఇండియా వాళ్ల పిల్లలకు తాసా, ఆఫ్రికా వాళ్ల పిల్లలకు పాన్. ఎవరి సంస్కృతి వాళ్లది. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది.”

ఏవియన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. “పేరు చూసి వాద్యం పంచుతారా మేడమ్? పెరట్లో మామిడికాయ కోసేటప్పుడు చెట్టు ఎవరి తాత నాటాడో అడుగుతామా?”

“గోడ మీద ‘అందరం ఒక్కటే’ అని రాయించారు,” దేవానంద్ అందుకున్నాడు. “దాని కిందే పిల్లల్ని రెండు వరసలు చేశారు!”

“తల్లిదండ్రులు గొడవకొస్తే జవాబెవరు చెప్తారు?”

“మేమిద్దరం!”

టీచరమ్మ కళ్లద్దాలు తీసింది. “ఇంత జోడీగా పోట్లాడుతున్నారు, పెళ్లయిందా ఏం?”

“ఇంకా లేదు మేడమ్,” అన్నాడు దేవానంద్.

ఏవియన్ చెవులు వేడెక్కాయి. “ఇంకా ఏమిటయ్యా, ఇంకా! నన్నడిగావా?”

“అడుగుదామంటే నువ్వు తిట్టడం ఆపితేగా!”

“పిల్లల్ని ముందున్న చోటే నిలబెట్టుకోండి. ముందు నా గదిలోంచి కదలండి!” అంది టీచరమ్మ, నవ్వు దాచుకోలేక.

వసారాలో ఏవియన్ వెనక్కి తిరగకుండానే అంది, “ఆదివారం మా ఇంటికి రా. మా అమ్మ పీతలు వేసి ‘కలలూ’ అనే ఆకుకూర వండుతుంది. ఆమెనే అడుగు. భయమైతే ఇప్పుడే చెప్పు.”

“భయమే. అయినా వస్తాను.”

ఆమె అక్కడే నిలబడ్డ శివానీ చెయ్యి పట్టుకుని పాన్‌ల వైపు గబగబా నడిచింది. నవ్వుతున్న మొహం అతనికి కనబడకూడదు కదా మరి.