పదకొండు విమానాల అప్పు

ఆడిటర్ కారు లోయలో పడింది. బ్రేకులు ఫెయిలయ్యాయని పోలీసులు రాసుకున్నారు. బ్రేక్ పైపు మీద కత్తి గాటున్న ఫోటోని టేబుల్ మీదికి తోసి, చీఫ్ కళ్లు దించుకున్నాడు. చనిపోయిన ఆ ఆడిటర్ ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌కి సొంత అక్క. తల్లి పోయాక తల్లై పెంచిన మనిషి.

చీఫ్ నాలుగు ముక్కల్లో చెప్పాడు. జాతీయ ఎయిర్‌లైన్స్ పదకొండు విమానాల లీజు అప్పును ఒక బోగస్ కంపెనీలో దాచి, లాభాలొచ్చినట్టు బ్యాలెన్స్ షీట్ వండింది. అది నమ్మి మంత్రి కొత్త రుణం కోసం ఎయిర్‌పోర్టునే తాకట్టు పెట్టబోతున్నాడు. వాయిదా తప్పగానే రన్‌వే, ఆ రుణమిచ్చే విదేశీ ముఠా పాలవుతుంది. ముఠా నాయకుణ్ణి అందరూ డాక్టర్ అంటారు. జబ్బు పడిన లెక్కల్ని వాడు బాగుచేస్తాడట. ఆ లెక్కల మీద సంతకం పెట్టనన్నందుకే అక్కను చంపించాడు.

"వాడు నాకు ప్రాణాలతో కావాలి," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఫోటోని జేబులో పెట్టుకుని లేచాడు.

మర్నాడు ఉదయం ఎయిర్‌లైన్స్ ఆఫీసు ఆరో అంతస్తులో, నీలం యూనిఫాం వేసుకున్న మెకానిక్ జెరాక్స్ మెషిన్ విప్పుతున్నాడు. డాక్టర్ సలహాదారు, ముత్యాల హారం మెరిసే అందగత్తె, వచ్చి పక్కన నిలబడింది.

"టోనర్ ఉందా?"

"నలుపు ఒక్కటే ఉంది."

కోడ్ కలిసింది. రెండేళ్లుగా ఆమె డాక్టర్ జీతం తింటూ చీఫ్‌కి రహస్యాలు మోస్తోంది. లిప్‌స్టిక్ అడుగు తిప్పి మెమరీ చిప్ తీసిచ్చింది. అందులో అసలు లెక్కలున్నాయి.

"మీ అక్కకి కబురు పెట్టేలోపే అంతా అయిపోయింది," అంది, అతని ముఖం చూడలేక.

మెషిన్ లోంచి బోర్డ్‌రూమ్ తెరకు లైను కలపడానికి అతనికి ఏడు నిమిషాలు పట్టింది. లోపల మంత్రి పెన్ను పాళీ తాకట్టు కాగితాన్ని తాకింది. అదే క్షణంలో తెర మీద లీజు ఒప్పందాలు వరుసకట్టాయి, ప్రతి పేజీ కిందా డాక్టర్ పొట్టి సంతకంతో. మంత్రి చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

మంత్రి పక్కనే కూర్చున్న డాక్టర్ ఫైర్ మెట్ల మీదుగా జారుకున్నాడు. మూడో అంతస్తు మలుపులో ఏజెంట్ పిస్టల్ గొట్టం అతని నుదుటికి తగిలింది. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తోంది. ఇంత తేలిగ్గా పోనిస్తే అక్కకేం న్యాయం అనిపించింది ఏజెంట్‌కి.

"కింద లాబీలో నీ ముఠా పార్ట్‌నర్లు కాచుకుని ఉన్నారు," అన్నాడు నెమ్మదిగా. "వాళ్లకి నువ్వు చూపించిన లెక్కలూ దొంగవేనని, ఎవరి వాటాలో ఎంత నొక్కేశావో ఇప్పుడే మెసేజ్ పెట్టాను. పోలీసు జీపు వెనక గేటు దగ్గరుంది. ఎటు దిగుతావు?"

డాక్టర్ రెండు చేతులూ ముందుకు చాపాడు.

"అరెస్ట్ చెయ్యి."

"వినపడలేదు."

"దయచేసి... అరెస్ట్ చెయ్యండి."

సాయంత్రం చీఫ్‌కి ఆశ్చర్యం తీరలేదు. అంతటివాడు అంత బుద్ధిగా చేతులు చాపి బేడీలెలా వేయించుకున్నాడని అడిగాడు.

"ఏం లేదు సార్," అన్నాడు ఏజెంట్. "ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో ఉన్నదున్నట్టు చూపించాను."